సామాన్ల కాడ మనిషి

మా ఇంట్లో ఎక్కడికి పోయినా సామాన్ల దగ్గర కూర్చునే మనిషి అమ్మ. ఇది ఎవరూ తీర్మానం చేసి ఒప్పగించిన పని కాదు. బస్సు దిగుతాం, సంచులన్నీ ఒక చోట పెడతాం, అమ్మ వాటి పక్కన కూలబడుతుంది, మిగతా వాళ్లం పోతాం. ధర్మపురి పోయిన ప్రతిసారీ ఇదే వరస. గోదావరిలో మా నాన్న, అంటే బాపు, నేను, బాబాయిలు, వాళ్ల పిల్లలు గంటల తరబడి నీళ్లలో ఉండేవాళ్లం. అమ్మ మెట్ల మీద మా బట్టల మూటలకూ చెప్పులకూ కావలి కాసేది. మేమందరం తలలు తుడుచుకుని, బస్సు టైం అవుతోందని బాపు తొందర పెట్టడం మొదలుపెట్టాక, గబగబా దిగి మూడు మునకలు వేసి వచ్చేది. ఆమె కొంగు పిండుకోకముందే మేము సగం మెట్లు ఎక్కేసేవాళ్లం.

నాకు నలభై దగ్గర పడ్డాక గానీ ఈ సంగతి కళ్లకు ఆనలేదు. ఆనిన రోజున మాత్రం ఒళ్లు మండిపోయింది. ముందు బాపు మీద, తర్వాత అందరి మీద, చివరికి నా మీద. కోరుట్లలో బడి పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పేదాన్ని నేను. సమానత్వం పాఠం ఏటా గొంతు చించుకుని చెప్తాను. అదే గొంతుతో "అమ్మా, గీ సంచి గూడ జెర సూడు" అని ఎన్ని వందల సార్లు అని ఉంటానో.

అందుకే పోయిన వేసవి సెలవుల్లో హైదరాబాదు శివార్లలో ఉన్న ఒక పెద్ద పార్కుకు, దానిలోని రిసార్టులో రెండు రాత్రులు ఉండేటట్టు పోదామనుకున్నప్పుడు, నా మనసులో ఒక్కటే పట్టుదల. ఈసారి అమ్మ సామాన్ల కాడ కూర్చోకూడదు. తిరిగే చక్రాలు, రకరకాల భోజనాలు, చల్లటి గదులు, అవన్నీ మిగతా వాళ్లు చూసుకుంటారు. అమ్మ నీళ్లలో దిగాలి. నాకు కావలసింది అంతే.

ఆమెకు ఆ ఆశ ఉందని నాకు ముందే తెలుసు. టూరుకు నెల ముందు సిరిసిల్ల పోయినప్పుడు, ఆరో తరగతి చదివే నా బిడ్డ ఆ పార్కు వీడియో వాళ్ల అమ్మమ్మకు చూపించింది. పెద్ద కొలను, అందులో వరసగా లేచే అలలు, అలకు ఎదురుగా కేకలు పెడుతూ నిలబడ్డ జనం.

"గిది సముద్రమా బిడ్డా?" అంది అమ్మ.

"కాదు అమ్మమ్మా, స్విమ్మింగ్ పూల్. మోటర్ పెట్టి అలలు తెప్పిస్తరు."

"మల్లొక్కసారి పెట్టు."

మూడుసార్లు పెట్టించుకుంది. మూడోసారి ఫోన్లో అల ముందుకు వస్తుంటే, చాప మీద అమ్మ కాలి వేళ్లు వెనక్కి ముడుచుకున్నాయి. నేను చూశాను. చూడనట్టు ఊరుకున్నాను, ఎందుకంటే ఆమె ఆశను పైకి అంటే అప్పుడే తుడిచి పారేస్తుంది.

నా బిడ్డ అక్కడి నియమాలు కూడా చదివింది. చీరలతో, కాటన్ బట్టలతో నీళ్లలోకి రానివ్వరు. నైలాన్, పాలిస్టర్ అయితేనే దిగాలి. లేనివాళ్లకు అక్కడే అద్దెకు డ్రెస్సులు ఇస్తారు.

"ఒకలు ఇడిసిన బట్ట నేన్ ఏసుకుంటనా?" అంది అమ్మ వెంటనే. "పాలిస్టర్ అంటే మనింట్ల గదేనాయె. కుట్టిస్త తియ్యి."

తాను కూడా దిగుతున్నట్టే మాట్లాడిన సంగతి ఆమెకు ఒక నిమిషం ఆగి తట్టింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ రోజే గదులు బుక్ చేశాను.

మా బాపుకు సొంతంగా నాలుగు సాంచలు ఉన్నాయి. మా సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. నూలు సేటు ఇస్తాడు, బాపు నేసి ఇస్తాడు. రెండింటి మీద పాలిస్టర్, రెండింటి మీద పత్తి, ఎక్కువగా లంగాల బట్ట. అమ్మ పని కండెలు చుట్టడం, అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టాలకు దారం ఎక్కించడం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె కుడిచేతి వేళ్ల మీదుగా దారం పరుగెడుతూనే ఉంది. మా వాడకట్టులో ఎవరికైనా నూలు మీద అనుమానం వస్తే అమ్మ దగ్గరికే తెచ్చేవాళ్లు. కళ్లు మూసుకుని రెండు వేళ్ల మధ్య నలిపి, ఇందులో ఇంత కలిసింది అని చెప్పేది. ఆ విషయంలో బాపు కూడా ఆమె మాటకు ఎదురు చెప్పేవాడు కాదు. మిగతా అన్ని విషయాల్లో చెప్పేవాడు.

రంగు వేయించాక మిగిలిన ముక్కలు ఇంట్లో పెద్ద రేకుపెట్టె నిండా ఉంటాయి. అమ్మ ముదురు నీలం పాలిస్టర్ ముక్క తీసింది. నాకూ నా బిడ్డకూ మోకాళ్లు దాటే అంగీలు, పైజామాలు దానిలో సరిపోయాయి. తనకు చాలలేదు. పెట్టె అడుగు నుంచి ఇంకో నీలం ముక్క లాగి, వేళ్ల మధ్య నలిపి, "గిది గూడ గదే" అంది.

నాకెందుకో కొంచెం తేడాగా అనిపించింది. "ఒక పోగు కాల్చి సూద్దామా అమ్మా?" అన్నాను.

నేత ఇళ్లలో ఏది ఏ బట్టో తేలనప్పుడు చేసే పని అది. ఒక పోగు లాగి మంట మీద పెడతారు. పత్తి అయితే కాగితం కాలిన వాసన వచ్చి, ఊదితే ఎగిరిపోయే బూడిద అవుతుంది. పాలిస్టర్ అయితే ముడుచుకుపోయి, కరిగి, చల్లారాక గట్టి నల్లపూసలాగా మిగులుతుంది. చిన్నప్పుడు మాకు అదొక ఆట.

అమ్మకు కోపం వచ్చింది. "నలభై ఏండ్ల సంది కండెలు చుడుతున్న. నా ఏళ్ల కంటే నీకు అగ్గిపుల్ల ఎక్కువైందా?"

నేను రెండు ముక్కలూ మడిచాను. పక్కింటి టైలరమ్మ నాలుగు రోజుల్లో మూడు జతలూ కుట్టి ఇచ్చింది.

కోరుట్ల నుంచి సిరిసిల్లకు రుద్రంగి మీదుగా నేరుగా పోవచ్చు. టూరు రోజు మేము కిరాయి వ్యానులో జగిత్యాల చుట్టు తిరిగి పోయాం, అక్కడ ఉండే మా వదిన కోసం. వదిన అంటే మా ఆయనకు అక్క. ఆయన ఆమె లేకుండా తన షాపులో కొత్త ఫ్యాను కూడా బిగించడు. మాది ప్రేమ పెళ్లి. వాళ్లది పెగడపల్లి వైపు సేద్యం చేసే ఇల్లు, మాది నేత ఇల్లు. దాని మీద మాట్లాడవలసిన వాళ్లు మాట్లాడీ మాట్లాడీ ఎప్పుడో అలిసిపోయారు. వదిన మంచిదే, పెట్టే చెయ్యి ఉన్న మనిషి. కానీ లోకంలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆమెకు ముందే తెలుసు. అక్కడ నుంచి లేస్తే మాత్రం ఒప్పుకోదు.

సిరిసిల్లలో మా ఇంటి ముందు వ్యాను ఆగేసరికి అమ్మ అరుగు మీద మూడు సంచుల పక్కన కూర్చుని ఉంది. వ్యాను సిద్దిపేట దారి పట్టిందో లేదో, వదిన హాయిగా వెనక్కి వాలింది.

"అత్తమ్మ అచ్చింది గద, ఇగ సామాన్లకు రంది లేదు."

"ఈసారి అమ్మ కూసోదు వదినె. నీళ్లల్ల దిగుతది," అన్నాను.

"అత్తమ్మనా?" వదిన నవ్వింది. వెక్కిరింత ఏమీ కాదు, నిజంగానే నవ్వు వచ్చింది ఆమెకు. "మరి సామాన్ల కాడ ఎవలుంటరు?"

మా ఆయన డ్రైవరు పక్కన కూర్చుని రోడ్డు వైపు శ్రద్ధగా చూశాడు. బాపు కిటికీ బయట చూశాడు. అమ్మ అయితే ఆ మాట తనది కానట్టే నా బిడ్డ జడ సరిచేసింది. సిద్దిపేట దాటేదాకా నాలో నేను ఉడుకుతూనే ఉన్నాను.

పదకొండున్నరకు పార్కు చేరాం. గేటు దగ్గర చేతులకు రంగు పట్టీలు కట్టారు. బాపు జేబులోని బీడీ కట్ట, అగ్గిపెట్టె తీసేసుకున్నారు. వదిన తెచ్చిన సకినాల డబ్బా కూడా ఆపారు. పాపం ఆమె డబ్బా మూత తీసి, ఒకటి తిని చూడమని సెక్యూరిటీ ఆయనను బతిమాలింది. ఆయన తిన్నాడు, బాగున్నాయన్నాడు, డబ్బా మాత్రం లోపలికి పోనివ్వలేదు. గదులు మధ్యాహ్నం తర్వాత గానీ ఇవ్వలేమన్నారు. పెద్ద సూట్‌కేసులు వ్యానులోనే వదిలి, నాలుగు చేతి సంచులతో లోపలికి నడిచాం.

బాపు పార్కు చూసిన తీరు వేరు. అందరూ ఊయల పడవలో కేకలు పెడుతుంటే ఆయన దాని కింద, కంచె పక్కన నిలబడి చెవి ఒగ్గి విన్నాడు. "బేరింగు మంచిదేసిండ్రు. సప్పుడే లేదు," అన్నాడు తృప్తిగా. సాంచల మధ్య బతికినవాడు. పెద్ద చక్రం దగ్గర, గొలుసు రైలు దగ్గర కూడా అంతే. ఒక్కటీ ఎక్కలేదు, అన్నిటి మోటార్ల సంగతి అడిగి తెలుసుకున్నాడు. అమ్మ మాత్రం దేని వైపూ చూడకుండా, దూరంగా వినిపిస్తున్న నీళ్ల చప్పుడు వైపే నడుస్తోంది. ఆమె భుజాన రెండు సంచులు ఉన్నాయి. ఒకటి నాది. ఎప్పుడు ఇచ్చానో నాకు గుర్తు లేదు. సిగ్గుతో లాక్కున్నాను.

నీళ్ల విభాగం ముందు ఒక కౌంటరు, అందులో ఇరవై రెండేళ్ల అమ్మాయి. ఒక పక్క లాకర్లు ఉన్నాయి. నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ వదిన వాటిని చూడగానే పెదవి విరిచింది.

"తాళం గూడ వాళ్లదే, చెవి గూడ వాళ్లదే. ఫోన్లున్నయ్, నా గొలుసున్నది. మనిషుంటే గద భరోసా?"

మా ఆయన ఔనన్నట్టు తల ఊపాడు. ఆ తల ఊపుడు సంగతి తర్వాత గదిలో మాట్లాడుకున్నాం.

కౌంటరు అమ్మాయి నా డ్రెస్సు, నా బిడ్డ డ్రెస్సు పట్టుకుని చూసి సరే అంది. తండ్రీ బిడ్డలు అప్పుడే నీళ్ల వైపు పరుగెత్తారు. వదిన అద్దెకు ఒక డ్రెస్సు తీసుకుంది. తర్వాత ఆ అమ్మాయి అమ్మ చేతిలోని అంగీ పట్టుకుని, మడిచి, వదిలి, మళ్లీ పట్టుకుంది.

"ఇది కాటన్ లాగ ఉంది ఆంటీ. అలో చెయ్యరు."

అమ్మ చిరునవ్వు నవ్వింది. చిన్నపిల్లకు ఎక్కం తప్పు పోయినప్పుడు నేను నవ్వే నవ్వు అది. "పాలిస్టరే బిడ్డా. మా ఇంట్ల నేసిందే."

"కాదేమో ఆంటీ. ముడత పడితే పోతలేదు చూడండి."

"బట్ట గురించి నాకే చెప్తవా?"

వెనక వరసలో ఉన్నవాళ్లు గొణిగారు. వదిన "పోనీ తియ్యి అత్తమ్మా" అంటోంది. అమ్మ కదలలేదు. చుట్టూ చూసింది. పది అడుగుల దూరంలో ఒకాయన బొగ్గుల మీద మక్క బుట్టలు, అంటే మొక్కజొన్న పొత్తులు, కాలుస్తున్నాడు.

"దా, సూపిస్త," అంది అమ్మ. కౌంటరు అమ్మాయి ఏమనుకుందో ఏమో, పక్క పిల్లను కూర్చోబెట్టి నిజంగానే మా వెంట వచ్చింది.

మక్క బుట్టలాయనను పక్కకు జరగమని, అమ్మ ముందు నా అంగీ అంచు నుంచి ఒక పోగు లాగింది. బొగ్గుకు తాకించింది. పోగు ముడుచుకుని, కరిగి, చిన్న నల్లపూస అయింది. దాన్ని గోటితో నొక్కి ఆ అమ్మాయికి చూపించింది. "సూసినవా? గిట్ల కరుగుతే పాలిస్టర్." తర్వాత తన అంగీ నుంచి ఒక పోగు లాగింది.

అది భగ్గున అంటుకుంది. కాగితం కాలిన వాసన వచ్చింది. అమ్మ వేళ్ల మధ్య సన్నటి బూడిద మిగిలింది.

అమ్మ ఆ బూడిద వైపే చూస్తూ నిలబడింది. ఆ బొగ్గుల చుట్టూ ఉన్న వాళ్లలో దాని అర్థం తెలిసింది ఇద్దరికే, ఆమెకూ నాకూ. బాపు ఇంకా మోటార్ల దగ్గరే ఉన్నాడు. వదినకు బట్ట అంటే కొనడం, కట్టడం. కౌంటరు అమ్మాయికి అమ్మ మొదట చెప్పింది సగమే అర్థమైనట్టుంది.

"ఏమైంది ఆంటీ? పాలిస్టరేనా?" అని అడిగింది.

"పాలిస్టరే," అన్నాను నేను. తడుముకోకుండా అన్నాను. అబద్ధమాడుతున్నానన్న బాధ కూడా లేదు. ఒక అంగీలో పత్తి ఉంటే ఆ కొలనుకు ఏమవుతుంది? మా అమ్మ నలభై ఏళ్లు కూర్చుంటే ఎవరికీ ఏమీ కాలేదు కదా. ఆ అమ్మాయి నమ్మింది కూడా. "సరే వెళ్లండి," అని చెయ్యి ఊపింది.

"కాదు," అంది అమ్మ.

"అమ్మా..."

"కాదు బిడ్డా. పత్తే." ఆ మాట నాతో కాదు, కౌంటరు పిల్లతో అంది. "నువ్వు జెప్పిందే నిజం. నేనే తప్పువోయిన."

బూడిదను ఊదేసి, చేతులు కొంగుకు తుడుచుకుని, పోయి బెంచీ మీద కూర్చుంది.

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఆమెను లోపలికి పంపడానికి నేను అబద్ధం దాకా పోయాను, ఆమె అబద్ధం మీద లోపలికి రానని కూర్చుంది. ఈలోగా వదిన, పాపం మంచి మనసుతోనే, "మంచిగైంది అత్తమ్మా, గీడ నీడకు కూసో. ఓ గంటల అస్తం," అని తన సంచి తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టింది. మిగతా మూడూ పక్కన సర్ది, బట్టలు మార్చుకోవడానికి పోయింది. అమ్మ చేతులు వాటంతట అవే సంచి చుట్టూ పోయాయి.

"నేన్ గూడ దిగ," అని పక్కన కూలబడ్డాను.

"ఏం మొండితనమే నీది? పో, పిల్లను సూసుకో."

"దిగనంటే దిగ."

అమ్మ కుడిచేతి బొటనవేలితో చూపుడు వేలిని రుద్దుకుంటూ ఉంది. ఆ వేలి మీద చర్మం నున్నగా, పసుపుపచ్చగా, అరిగి మెరుస్తోంది. దారం నడిచిన చోటు.

"రెండేండ్ల సంది తెలుస్తలేదు బిడ్డా," అంది మెల్లగా. "ఏది వట్టుకున్నా ఒక్క తీర్గనే ఉంటున్నది. వాడకట్టోళ్లు నూలు వట్టుకస్తే రంగు సూసి, మెరుపు సూసి అందాజగా జెప్తున్న. మీ బాపుకు ఎరుకలే."

అందుకే ఆ రోజు అగ్గిపుల్ల వద్దంది. అది పొగరు కాదు, భయం. ఆ సంగతి నాకు అప్పుడు తెలిసింది. ఓదార్చడం నాకు చేతకాదు. చేతనైన వాళ్లను చూస్తే అసూయ. "ఇంత మంది ముంగట ఎందుకు జెప్పినవ్ మరి? ఎవలకు తెల్వకపోతుండె," అన్నాను గయ్యిమని.

"నాకు తెలుసు గద," అంది అమ్మ.

అప్పుడే బాపు వచ్చాడు. చేతిలో కాల్చిన మక్క బుట్ట. అమ్మను బెంచీ మీద చూసి ఆయన మొహంలో ఆశ్చర్యం కూడా లేదు. ఉండవలసిన వస్తువు ఉండవలసిన చోట ఉంది.

"మంచిగ నీడ దొరికింది నీకు," అన్నాడు. "సూస్తుండు, నేన్ గా నీళ్ల మోటర్ సూసి అస్త."

ఆ మాట ఎక్కడ తగిలిందో గానీ, అమ్మ తల ఎత్తింది. ఆయన మొహం చూసింది. ఆయన చేతిలోని మక్క బుట్ట చూసింది. ఒళ్లోని సంచి తీసి బెంచీ మీద పెట్టి లేచి నిలబడింది.

"నువ్ గూసో."

"నేనా?"

"నువ్వే. నాలుగు సంచులు. ఐదు జతల చెప్పులు. కదులకు."

"మరి నువ్వెటు వోతున్నవ్?"

"ఏళ్లు మొద్దుబారినయ్ గని కాళ్లు మొద్దుబారలే," అంది అమ్మ. బాపుకు ఆ మాట అర్థం కాలేదు. అర్థం కావాలని ఆమె అనలేదు. ఆయన భుజం మీద చెయ్యి వేసి బెంచీ మీద కూర్చోబెట్టింది. నా జన్మలో ఆమె ఆయనను అట్లా తాకడం నేను చూడలేదు.

నేరుగా కౌంటరు దగ్గరికి పోయింది. ఆ అమ్మాయి ఇంకా కొంచెం బెరుకుగానే ఉంది.

"కిరాయిది ఇయ్యి బిడ్డా. పెద్దది. మోకాళ్లు గప్పాలె."

నల్లటి నైలాన్ డ్రెస్సు ఇచ్చారు, భుజాల మీద ఎర్ర చారలు, వీపు మీద తెల్ల అంకెతో. ఒకరు విడిచిన బట్ట తొడగనన్న మనిషి దాన్ని రెండు చేతులా పట్టుకుని సాగదీసింది. వెలుగుకు ఎత్తి కంటి దగ్గర పెట్టుకుని చూసింది.

"గిది నేసింది గాదు. అల్లింది," అంది. "అందుకే సాగుతున్నది." ఎవరూ అడగలేదు. కానీ ఆ రెండు మాటలు అన్నాక ఆమె నడుము నిటారుగా అయింది. వేలు చెప్పకపోతే కన్ను చెప్తుంది. నేను ఆ మాట ఆమెతో అనలేదు. ఆమెకు తెలుసు.

నేను నా నీలం జత తొడుక్కుని వచ్చి ఎదురు చూస్తున్నాను. బట్టలు మార్చుకునే గది నుంచి అమ్మ బయటికి వచ్చేటప్పుడు తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. పుట్టినప్పటి నుంచి నేను ఆమెను చీరలో తప్ప చూడలేదు. సన్నటి పిక్కలు, కుడి మోకాలి కింద పాత మచ్చ. బెంచీ ముందు నుంచే దారి. బాపు చూశాడు. అటూ ఇటూ చూశాడు.

"ఏందే గిది? ఎవలన్న మనోళ్లు సూస్తరు."

"సూడనీ," అంది అమ్మ, ఆగకుండా.

ఆ ఒక్క మాటకు నేను ఆమె కాళ్లు మొక్కినా తప్పు లేదు. మొక్కలేదు. చెయ్యి పట్టుకుని పరుగెత్తించాను.

కొలనులో మోకాలి లోతు నీళ్లలో ఆగింది. గోదావరిలో లాగే ముందు దోసిట నీళ్లు తీసుకుని కళ్లకు అద్దుకుంది. పక్కన ఎవరో కుర్రాళ్లు నవ్వారు. నేను వాళ్ల వైపు చూసిన చూపుకు నవ్వు ఆపేశారు. ఇంతలో సైరన్ మోగింది. కొలను అటు చివర నుంచి నీళ్లు లేచాయి. అమ్మ నా మణికట్టు ఎముక విరిగేటట్టు పట్టుకుంది. మొదటి అల మా నడుముల మీద పడింది, అమ్మ "అవ్వో!" అని అరిచింది. రెండో అల ఛాతీని కొట్టింది. మూడో అల వచ్చేసరికి నా చెయ్యి వదిలేసి, రెండు చేతులూ చాచి, దానికి ఎదురుగా నడిచింది. నా బిడ్డ "అమ్మమ్మా!" అని కేకలు పెడుతూ అటు వైపు నుంచి నీళ్లు చిమ్ముకుంటూ వచ్చింది.

అమ్మ నవ్వింది. నోరంతా తెరిచి, తల వెనక్కి వంచి నవ్వింది. ధర్మపురి మెట్ల మీద ఆ నవ్వు నేను ఒక్కసారి కూడా చూడలేదు. చూసే ప్రయత్నం కూడా చేయలేదని ఒప్పుకుంటున్నాను.

దీనికి ఫొటో లేదు. ఫోన్లన్నీ బాపు ఒళ్లోని సంచిలో ఉన్నాయి. మా బంధువుల్లో కొందరు ఇప్పటికీ నమ్మరు. అమ్మ ఒడ్డున కాళ్లు తడుపుకుని ఉంటుందని వాళ్లే చెప్పుకుంటారు. కొందరు నమ్మి, ఆ వయసులో ఆ వేషమేమిటని నన్ను తప్పు పట్టారు. వాళ్లందరి కోసం ఇది రాస్తున్నాను. నల్లటి నైలాన్ డ్రెస్సు, ఎర్ర చారలు, వీపు మీద అంకె. మా అమ్మే.

ఎన్ని అలలు వచ్చాయో నేను లెక్క పెట్టలేదు. మధ్యలో అలలు ఆగిపోయి జనం పలచబడ్డప్పుడు, "పోదామా అమ్మా?" అన్నాను అలవాటు కొద్దీ.

"ఎవలు పిలుస్తున్నరు?" అంది.

అప్పుడే జారుడు బల్లల వైపు నుంచి వదిన వచ్చింది. నీళ్లలో అమ్మను చూసి నిలబడిపోయింది. ఆ డ్రెస్సునూ, విరబోసుకున్న తడి జుట్టునూ మార్చి మార్చి చూసింది. నోటికి వచ్చిన మాట మాత్రం పొద్దుటిదే.

"అయ్యో అత్తమ్మా! మరి సామాన్ల కాడ ఎవలున్నరు?"

అమ్మ గడ్డంతో ఒడ్డు వైపు చూపించింది. బెంచీ మీద బాపు. ఒళ్లో రెండు సంచులు, చెరో పక్కన ఒకటి, ఒక సంచి పట్టీ మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాడు. కాళ్ల మధ్య మా చెప్పులన్నీ జతలు జతలుగా సర్ది ఉన్నాయి. సగం తిన్న మక్క బుట్ట చేతిలో అట్లాగే ఉంది. మేము చూడడం చూసి చెయ్యి ఎత్తి తిప్పాడు, ఇంకెంతసేపు అన్నట్టు.

"పాపం, మామయ్య ఒక్కడే కూసున్నడు," అంది వదిన. నిజంగానే బాధపడింది. "ఎంతసేపని కూసుంటడు?"

అమ్మ రెండు అరచేతులతో మొహం మీది నీళ్లు తుడుచుకుంది.

"నలభై ఏండ్లు కూసోనీ," అంది. "అటెన్క నేన్ వోయి కూసుంట."

సైరన్ మళ్లీ మోగింది. అమ్మ బాపు వైపు వీపు పెట్టి, అల కోసం నిలబడింది.